చింతబండ వాలు మీద నా పలక

పుష్య శుద్ధ విదియ, సోమవారం

పలకల మేస్త్రి గౌరునాయుడికి, మెట్టవలస నుంచి గండి నూకరత్నం సొంత చేత్తో రాస్తున్నది. మీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? చలిలో నిలబడి చిత్రిక పట్టొద్దని పోయినసారే చెప్పాను. మీ ఇంటావిడ సన్యాసమ్మకి పొడి దగ్గు తగ్గిందా? తగ్గకపోతే బంక మరిగే గదిలోకి ఆమెను రానివ్వకండి. మీ అమ్మగారికి రెండో కంటి ఆపరేషను అయిందా? ఆవిడ కన్ను నలుపుకోకుండా ఎవరైనా పక్కన ఉంటున్నారా? మీ పెద్దమ్మాయికి నెలలు నిండాయని విన్నాను, కాన్పు సుఖంగా అయిందా? మీ గుమ్మంలో పడుకునే కుంటి కుక్క బతికే ఉందా? అందరూ బాగున్నారని కబురు వస్తే తప్ప నాకు నిద్ర పట్టదు. వచ్చినా పట్టదనుకోండి, అది వేరే సంగతి.

ఇక్కడ నా ఎడమ భుజం నొప్పి అలాగే ఉంది. మా వియ్యపురాలు పైడమ్మకి సుగరు. రోజూ సూది మందు పడాలి. కూతురూ అల్లుడూ బాగానే ఉన్నారు. ఇక మిగిలింది నా మంచు జారుడు పలక. దాని ఆరోగ్యం రాయడానికే కదా మీరు ఈ పుస్తకం ఇచ్చింది.

ప్రతి చలికాలం పలక ఎలా నడిచిందో రాయమన్నారు. నాకు మూడో తరగతి దాకానే చదువు. అందుకని పదిహేడేళ్లూ ఏడాదికొక్క ముక్క, "బాగుంది" అని రాసి వదిలేశాను. ఈసారి వివరంగా రాయాల్సి వచ్చింది.

ఈ పలక ఎక్కేటప్పటికి నాకు నలభై తొమ్మిదేళ్లు. మీరే పట్టీలు బిగించి, "ఇది బాట మీద తొక్కే పలక కాదప్పా, బాట లేని చోట తొక్కే పలక" అన్నారు. ముక్కు వెడల్పుగా గరిటెలా లేచి ఉంటుంది. తోక పొట్టి, మహా బిర్రు. నిలబెడితే నా నెత్తి కంటే బెత్తెడు పొడుగు. పట్టీలు నడిమికి కాక కాస్త వెనగ్గా ఉంటే, మేస్త్రి కొలత తప్పాడేమోనని మొదటి ఏడాదంతా బెంగపడ్డాను. పిండి మంచులో దిగాక తెలిసింది. పక్కవాళ్లు నడుం లోతు కూరుకుపోయిన చోట ఇది ముక్కు ఎత్తుకుని పడవలా పోయింది.

పిండి మంచు అందరికీ ఇష్టమే. అప్పడం మంచు దగ్గరే పలక సంగతి తెలిసేది. పైన పలుచటి పెచ్చు, కింద పొడి. మామూలు పలకలు పెచ్చు కింద ఇరుక్కుని మనిషిని బోర్లా పడేస్తాయి. నాది పటపటా విరుచుకుంటూ పోతుంది. గాజు మంచు మీద అంచు ఇనుము పట్టు వదలదు. వారానికి రెండుసార్లు ఆకురాయితో సాన పెడతాను. ఎండ పొడిచి మంచు పెరుగులా అయిన రోజున తేనె మైనం రాస్తే చాలు.

తప్పులు కూడా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మెల్లగా తొక్కితే మొండికేస్తుంది. తోక ముందుకు పెట్టి తొక్కితే ఒప్పుకోదు. భుజాన మోస్తే బరువు. అంతకుమించి దానిమీద చాడీ చెప్పడానికి నాకు నోరు రాదు. దాన్ని ఏ లోటూ లేకుండా చూసుకున్నాను. ఏటా దసరాకి దానికి తలంటు పోసి, పసుపు రాసి, పొయ్యి పక్కన ఆరబెడతాను. కన్నబిడ్డకి కూడా అంత చెయ్యలేదు.

పద్దెనిమిదేళ్లుగా ముందుపలక పని నాదే. పొద్దున్నే చింతబండ వాలులోకి నేనే ముందు దిగుతాను. అయిదు చోట్ల ఆగి, వెనక కాలి మడమతో పలకని గట్టిగా తొక్కుతాను. మంచు గట్టిదైతే "దిమ్" అంటుంది. లోపల డొల్లయితే "డబుక్" అంటుంది. డొల్ల మంచు ఎప్పుడు జారి మీద పడుతుందో చెప్పలేం. అయిదూ గట్టివైతే ఎర్ర జెండాలు పాతుకుంటూ దిగువపేట దాకా పోతాను. ఆ తరవాతే ఊరు దిగుతుంది. నేను జెండా పాతకుండా ఎవరూ వాలులో కాలు పెట్టకూడదు.

ఇవాళ పొద్దున మొదటి చోటే వెనక కాలి కింద "డబుక్" మంది. మళ్లీ తొక్కాను. మళ్లీ "డబుక్". జెండాలు చంకన పెట్టుకుని వెనక్కి వచ్చేశాను.

పుష్య శుద్ధ పంచమి, గురువారం

నాలుగో రోజు కూడా వాలు మూసే ఉంది. చోట్లు మార్చి తొక్కుతున్నాను. ఎక్కడ తొక్కినా అదే చప్పుడు.

కొండ కర్రలు చూసే సూర్రావు పొద్దున్నే వచ్చి మా గుమ్మంలో నిలబడ్డాడు. వాలు పొడుగునా మంచులో పాతిన కర్రలు లోపలి కదలిక విని, తమ తలల మీదా అతని గదిలోనూ దీపాలు వెలిగిస్తాయి. పచ్చ దీపమైతే వాలు భద్రం.

"పెద్దమ్మా, కర్రలన్నీ పచ్చగా ఉన్నాయి. ఇంకేటి భయం?" అన్నాడు.

"ఆరేళ్ల కిందట మట్టుకు ఎర్రగా ఉన్నాయేటి?"

సూర్రావు వచ్చిన దారినే పోయాడు. ఆరేళ్ల కిందట కర్రలు పచ్చ దీపం చూపిస్తే నా పలక "డబుక్" మంది. నేను వాలు మూశాను. ఆ మధ్యాహ్నం సగం కొండ దిగిపోయింది. కింద మనిషన్నవాడు లేడు. ఆ రోజు నుంచి మెట్టవలసలో కర్రల మాట కంటే నా పలక మాటే చెల్లుతోంది. ఆ గొప్ప నాది కాదని అందరితోనూ అన్నాను. పలకదే.

ఇప్పుడు ఆ నమ్మకమే నా పీక మీదికి వచ్చింది. పైడమ్మ సూది మందు దిగువపేట ఆసుపత్రి నుంచి పదిహేను రోజులకోసారి వస్తుంది. ఈ వాయిదా మందు సోమవారమే తేవాలి. వాలు మూస్తే మనుషుల్నీ సరుకునీ మోసే తాడు బండి కూడా ఆగిపోతుంది, తాడు స్తంభాలు ఆ వాలు పక్కనే కదా. డ్రోను ఈ గాలికి నిలవదు. పోయినేడు మందులతో సహా ఒకటి లోయలో పడింది. పైడమ్మ దగ్గర ఇంకా ఎనిమిది రోజుల మందు ఉంది, అదీ రోజుకి సగం చొప్పున వేసుకుంటేనే.

వాలు తెరిస్తే ఎవరైనా చచ్చిపోతారేమో. మూస్తే పైడమ్మ చచ్చిపోతుందేమో. అన్నం పెట్టుకుంటే చెయ్యి నోటి దాకా రావడం లేదు.

పుష్య శుద్ధ నవమి, సోమవారం

నాలుగు రోజుల మందు మిగిలింది.

పొద్దున వాలు మొదట్లోకి వెళ్లేసరికి మా అల్లుడు లచ్చునాయుడు పలక కట్టుకుని నిలబడి ఉన్నాడు. పైడమ్మకి ఒక్కడే కొడుకు. నేను దారికి అడ్డంగా నా పలక వేసి దానిమీద కూచున్నాను.

"తప్పుకో అత్తా."

"తప్పుకోను."

"అక్కడ మాయమ్మ నాలిక పిడస కట్టుకుపోతన్నాది. నాను ఎల్లి తెత్తాను."

"ఎల్తావు. రావు. నా కూతురి బొట్టు నా సేత్తో సెరపమంటావేటి?"

"మరి మాయమ్మ?"

పలక మీంచి నేను లేవలేదు. అరగంట సేపు ఇద్దరం అలాగే ఉన్నాం, అతను నిలబడి, నేను కూచుని. చివరికి పట్టీలు విప్పుకుని వెళ్లిపోయాడు. వెళ్తూ నావైపు చూడలేదు.

మా పెద్దవాళ్లు ఎండకి తాళలేక ఆకాశానికి గొడుగు పట్టారట. వాళ్లు మామిడిపళ్లు తిన్న ఈ మన్యం కొండల్లో ఇప్పుడు ఎనిమిది నెలలు మంచు. గొడుగు ఎత్తినవాళ్లకి దించడం తెలియలేదు. వాలు మూసినదాన్ని నాకూ తెరవడం తెలియడం లేదు. ఈ నాలుగు రోజులూ అదే ఆలోచన.

పుష్య శుద్ధ దశమి, మంగళవారం

మేస్త్రీ, ఇవాళ జరిగింది రాయడానికి సిగ్గుగా ఉంది.

పొద్దున వాలు దగ్గర మళ్లీ "డబుక్" విని, పైడమ్మని చూడ్డానికి వెళ్లాను. అరుగు మీద గొంగడి కప్పుకుని కూచుంది. కళ్లు లోపలికి పోయాయి. నోరు మాత్రం పోలేదు.

"రా ఒదినా. నాను సచ్చానో నేదో సూసి పోదామనొచ్చినావేటి?"

"అలగనకు ఒదినా."

"మరెలగనాలి? నీ కూతుర్ని నాను సరిగ్గా సూడ్నేదని ఇలగ కచ్చ తీర్చుకుంటన్నావు. పెళ్లిలో కాజాలు తక్కువైనాయని నానన్న మాట ఇంకా కడుపులో పెట్టుకున్నావు."

"కొండ డొల్లగా ఉన్నాది ఒదినా. పలక సెప్తన్నాది."

"నీ పలక్కి కొండంతా డొల్లే, వాలంతా డొల్లే. ఇదిగో, మా అయ్య కట్టించిన రాతి అరుగు. ఎక్కించు నీ పలకని. ఇది కూడా డొల్లంటాదేమో ఇందాం!"

నాకు ఉక్రోషం వచ్చింది. అరుగు మీద మంచు పొర కూడా లేదు, తుడిచి ఉంది. పలక వేసి, ఎక్కి, మడమతో ఒక్క తొక్కు తొక్కాను.

"డబుక్."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. రాతి అరుగు మీద డబుక్. ఇంకోసారి తొక్కాను. అదే. దిగి తోక దగ్గర వేలితో కొట్టి చూశాను. పుచ్చిన గుమ్మడికాయలా మోగింది.

పైడమ్మ నవ్వలేదు. నవ్వితే బాగుండేది. "తొమ్మిది రోజులు" అని మాత్రం అంది.

పరుగెత్తుకుంటూ సూర్రావు గదికి వెళ్లి వైర్‌లెస్‌లో మీతో మాట్లాడాను. ఆ మాటలు మళ్లీ మీకే రాయడం ఎందుకంటే, పుస్తకంలో ఉండాలి కదా.

"తోకలో నీరు దిగిందప్పా," అన్నారు మీరు. "లోపల వెదురు పొరలు ఊడినాయి. ఎక్కడైనా నానబెట్టినావేటి?"

"నానబెట్టడమేటి బాబూ. ఏటా తలంటు పోత్తాను, అంతే."

మీ చేతిలోంచి ఏదో కింద పడిన చప్పుడు వైర్‌లెస్‌లో వినిపించింది.

"తలంటా?"

"దసరాకి. కుంకుడు రసంతో. దీపాల వేడికి పందిట్లో పండిన మంచి కుంకుళ్లు బాబూ, నాసివి కావు."

"నీళ్లెన్ని?"

"రెండు కాగులు. వేన్నీళ్లే."

"పుస్తకం మొదటి పేజీలో అంత పెద్దచ్చరాలతో రాసినాను కదప్పా, నీళ్లలో నానబెట్టకండని!"

"మొదటి పేజీకి పసుపు పూసీసినాను బాబూ. కొత్త పుస్తకం కదాని, కాస్త దండిగానే."

అప్పుడు మీరు నవ్విన నవ్వుకి సూర్రావు కూడా ఉలిక్కిపడ్డాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది. ఆ తరవాత మీరన్న మాట మటుకు ఈ పుస్తకంలో ఉండాలి. "పద్దెనిమిది తలంట్లు ఓర్చుకున్నాదప్పా ఆ పలక. నాను చేసిన వాట్లో మరోటి ఉంటే ఆరేళ్లకే విడిపోయేది. నువ్వు చంపబోయినా నిన్ను మొయ్యడం మాన్లేదు."

పుష్య శుద్ధ ఏకాదశి, బుధవారం

మీరు చెప్పినట్టే చేశాం. తోక దగ్గర సన్నటి బెజ్జాలు రెండు వేసి, పొయ్యికి మూరెడు దూరాన ముక్కు పైకి పెట్టి నిలబెట్టాం. నీళ్లు చుక్కలు చుక్కలుగా కారాయి. కుంకుడు వాసన కొట్టింది. పద్దెనిమిది దసరాల వాసన. నేను అటు తిరిగి కూచున్నాను.

చుక్కలు ఆగాక, సూర్రావు దగ్గరున్న రెండు గొట్టాల బంక కలిపి బెజ్జాల్లోకి ఎక్కించాం. ఇప్పుడు గట్టిగా అదమాలి. మీ దగ్గరైతే ప్రెస్సు ఉంటుంది. మా దగ్గర తిరగలి, రోలు, పొత్రం ఉన్నాయి. అన్నీ పెట్టాం. అయినా ఒక మూల చీలిక నోరు మూసుకోలేదు.

పైడమ్మ గొంగడి సర్దుకుంటూ లేచింది. "తియ్యి ఆ పొత్రం. నానే కూకుంటాను."

"ఒంట్లో బాగునేదు కదమ్మా," అన్నాడు లచ్చునాయుడు.

"కూకోడానికి బాగుండాలేటి? నా పేనం దీని తోక మీదే ఉన్నాదిప్పుడు. నా బరువుకైనా ఒక పనుండాలి."

కూచుంది. పొద్దుటి నుంచి దీపాలు పెట్టే దాకా కూచుంది. మధ్యలో రెండుసార్లు తల తూలింది. నేను పక్కన కూచుని భుజం ఆనించాను. కాసేపటికి తనే అంది, "కాజాలు తక్కువవనేదు ఒదినా. నానే దాసీసినాను, మా పుట్టింటోల్లకి పంపుదామని."

ఇరవై రెండేళ్లుగా ఆ కాజాల మీద బెంగపెట్టుకున్నాను. "నీళ్లు తాగుతావా?" అన్నాను.

పుష్య శుద్ధ ద్వాదశి, గురువారం

ఒక్క సూది మిగిలింది.

పొద్దున్నే పలకని పైడమ్మ అరుగు మీద వేసి తొక్కాను. "దిమ్." తోక బిర్రు మునుపటంత లేదు, కాస్త మెత్తబడింది. కానీ చప్పుడు చప్పుడే. తన పలక తీసుకోమని లచ్చునాయుడు ఎంతో చెప్పాడు. వద్దన్నాను. ఆ పలక ఏమంటుందో నాకు తెలియదు. ఇది అబద్ధమాడినా ఏ గొంతుతో ఆడుతుందో తెలుసు.

వాలు మొదట్లో నిలబడ్డాను. అరవై ఏడేళ్లు. నేను పడితే వెనక ఎవరూ రావద్దని సూర్రావు చేత ఒట్టు వేయించుకున్నాను. పట్టీలు మూడుసార్లు బిగించి చూసుకుని దిగాను.

మొదటి చోటు. దిమ్. రెండో చోటు. దిమ్. మూడు, నాలుగు, దిమ్, దిమ్. పది రోజులుగా కురిసిన పిండి మంచు తొడల దాకా ఉంది. పలక దాన్ని రెండు పక్కలకీ విసిరేస్తూ పోయింది. ఆ కాసేపూ నాకు ఒక్క బెంగా గుర్తు రాలేదు. మేస్త్రీ, నా జన్మలో అలాంటి సమయం ఈ పలక మీద తప్ప దొరకలేదు. ఈ ముక్క పదిహేడేళ్ల కిందటే రాసి ఉండాల్సింది.

అయిదో చోటు చింతబండ కింద. మడమ వేసి తొక్కాను.

"డబుక్."

మళ్లీ తోక ఊడిందా? కొండే డొల్లా? పైన కర్రకున్న దీపం పచ్చగానే వెలుగుతోంది. కాళ్ల కింద ఎంత మంచుందో, దాని అడుగున ఏముందో దేవుడికే తెలియాలి. కదలాలంటే భయం, నిలబడాలంటే భయం.

అప్పుడు పైడమ్మ అరుగు గుర్తొచ్చింది. ఒళ్లు బరువు కదలకుండా మెల్లగా పక్కకి జారి చింతబండ మీదికి చేరాను. చేతి తొడుగుతో మంచంతా తుడిచి, నల్లటి రాయి బయటపడ్డాక పలక వేసి తొక్కాను.

"దిమ్."

రాయి మీద దిమ్. కొండ మీద డబుక్. పలక బాగుంది. ఇవాళ డొల్ల కొండదే.

కుడి పక్క మామూలు దారి వదిలేశాను. ఎడమ పక్క బండకీ చెట్లకీ మధ్య సన్నటి సందు ఉంది. నిట్టనిలువు, అంతా గాజు మంచు. పద్దెనిమిదేళ్లలో అక్కడ ఒక్కసారి కూడా దిగలేదు. పలకని అడ్డంగా తిప్పి, అంచు ఇనుము మీద నిలబడి, జానెడు జానెడు దిగాను. తోక ఒకసారి కిర్రుమంది. "ఒక్క పావుగంట ఓర్చుకో తల్లీ, ఇంక ఎప్పుడూ తలంటు పొయ్యను" అన్నాను పైకే. ఓర్చుకుంది. ఇనుము ఒక్క చోట కూడా పట్టు వదల్లేదు. కింద మెత్తటి మంచు తగిలాక ఎర్ర జెండా పాతి, అక్కడే కూచుని కాసేపు ఏడ్చాను.

దిగువపేట ఆసుపత్రిలో మందు పెట్టె సిద్ధంగా ఉంది. తాడు ఎడమ పక్క స్తంభాల మీదుగానే పోతుంది కాబట్టి నడిపించాను. పెట్టె ముందు పంపి, వెనక నేను వచ్చాను. పైకి వచ్చేసరికి పైడమ్మ సూది వేయించుకుని అరుగు మీదే ఉంది.

"ఆకరికి సావనిచ్చావు కాదు గదే ఒదినా," అంది. నా చేతిలోంచి పలక లాక్కుని, తోక తడిమి చూసి, తన పైట చెంగుతో తడి తుడిచింది.

పుష్య శుద్ధ త్రయోదశి, శుక్రవారం

చింతబండ కుడి పక్కన సూర్రావు పొడుగాటి గడ గుచ్చి చూశాడు. గడ మొత్తం దిగిపోయింది. ఇప్పుడు దారి ఎడమ సందు మీదుగానే, ఇనుపంచు బాగున్న వాళ్లకే. ఊరి కట్టుబాటులో ఇంకో మాట చేర్చారు. ఇక నుంచి ముందుపలక మనిషి రోజూ ముందు పైడమ్మ అరుగు మీద తొక్కి, ఆ తరవాతే కొండ మీద తొక్కాలి. అరుగు తన సొంతమనీ, తొక్కేవాళ్లు కాళ్లు కడుక్కుని ఎక్కాలనీ పైడమ్మ అందరికీ చెబుతోంది.

నేను పుస్తకం మొదటి పేజీ తడిగుడ్డతో తుడిచాను. పసుపు సగమే పోయింది. మీ అక్షరాలు ఇప్పుడు లీలగా కనిపిస్తున్నాయి. వచ్చే దసరాకి పలక్కి బొట్టు ఒక్కటే పెడతాను, పొడిగా.

మీరే మా ఊరు వచ్చి, పలక ఇంకెన్నాళ్లు నడుస్తుందో చెవి పెట్టి విని చెబుతానన్నారు. మీరు ఏం చెబుతారోనని నాకు ఇప్పటి నుంచే బెంగ. పనికిరాదంటే నా మొహం మీద చెప్పొద్దు, ముందు పైడమ్మతో చెప్పండి, ఆవిడ నాకు తిట్టి చెబుతుంది. నడుస్తుందంటే నాతోనే చెప్పండి. మోకాళ్లకి ఉన్ని పట్టీలు కట్టుకుని బయల్దేరండి. తాడు మీద కిందికి చూడకండి. సన్యాసమ్మని ఈ చలిలో తీసుకురాకండి, దగ్గు తిరగబెడుతుంది.

వైర్‌లెస్‌లో మీరన్నది సూర్రావు గోడ మీద రాసుకున్నాడు, నేనూ ఇక్కడ రాసుకున్నాను. మీరు మా ఊరు వచ్చేది మాఘ శుద్ధ పంచమి, శనివారం, పొద్దుటి మొదటి తాడుకి.